స్వీటీ దవడపన్ను

నా నోరు మంచిది కాదని మా గల్లీలో అందరికీ తెలుసు. కుళాయి దగ్గర ఎవరు వరస తప్పినా ముందు లేచేది నా గొంతే. అలాంటి నాకు, దేవుడు ఏమనుకుని జత కలిపాడో గాని, మొత్తం ఛత్రినాకలోకెల్లా నోట్లో నాలుక లేని పిల్ల దగ్గరైంది. పేరు స్వీటీ, పదో తరగతి చదువుతోంది. మా చర్చిలో ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేది నేనే కాబట్టి అందరిలాగే అదీ నన్ను టీచరమ్మా అంటుంది. నేను చదివింది ఏడు, కుట్టేది జాకెట్లు. అయినా టీచరమ్మనే.

దాని తల్లి కాశమ్మ మున్సిపాలిటీ రోడ్లు ఊడుస్తుంది. తండ్రి ఆగయ్య జహనుమా అవతల ఒక గోదాముకు రాత్రి కాపలా. ఇద్దరూ ఒకరి జోలికి పోనివాళ్లు. పిల్ల వాళ్లను మించింది. "ఏమైందే, మొకం గట్లున్నది?" అంటే "ఏం లేదు టీచరమ్మా". ఒకసారి బస్సులో ఎవరో తొక్కితే కాలి గోరు ఊడిపోయింది. రక్తం చెప్పులోకి కారుతున్నా అదే మాట, "ఏం లేదు". నాకు ఒళ్లు మండేది. ఏడవడానికి కూడా ఎవరి దగ్గరో పర్మిషన్ తెచ్చుకోవాలా ఈ పిల్ల అనుకునేదాన్ని. కాశమ్మకు మాత్రం అదే గొప్ప. "నా బిడ్డ మస్తు ఓర్సుకుంటది" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకునేది.

పాట దగ్గర మాత్రం అది వేరే పిల్ల. నోరు బారెడు తెరిచి పాడేది. గొంతు పైకి ఎత్తిందంటే మా చర్చి రేకులు కూడా దానితో పాటు పాడేవి. నేను నేర్పింది అందులో సగం కూడా ఉండదు, మిగతాది దానిదే. అందుకే క్రిస్మస్‌కు మొదటి పాట ఎప్పుడూ స్వీటీకే ఇచ్చేదాన్ని.

పోయిన ఎండాకాలం దానికి కుడివైపు కింది దవడపన్ను నొప్పి మొదలైంది. పన్ను ఊరికే పుచ్చిపోదు కదా. బిందె నిండేలోపు బ్రష్షు నోట్లో పెట్టి, ఇటూ అటూ నాలుగు రుద్దుళ్లు రుద్ది ఉమ్మేయడమే దాని పళ్లు తోమడం. ఆ బ్రష్షు కుచ్చులు తలో దిక్కుకు విరగబడి, బూట్లు తుడవడానికి కూడా పనికొచ్చేట్టు లేవు. బడి నుంచి వస్తూ కూల్‌డ్రింకు, చదువుకుంటూ తీపి బిస్కట్లు, ఆ పిండి పళ్ల సందుల్లో ఉండగానే నిద్ర. ఈ ఈడు పిల్లలందరూ అంతేలే అనకండి, అంతే కాబట్టే చెబుతున్నాను.

లవంగం పెట్టారు. ఉప్పునీళ్లు పుక్కిలింపించారు. మందుల దుకాణంలో అడిగి ఏవో గోలీలు మింగించారు. కాశమ్మ తను రోజూ పళ్లకు రుద్దుకునే నల్లపొడి, పొగాకుది, వేలితో తీసి, "జర అద్దుకో బిడ్డా, మొద్దుబారుతది" అని పెట్టింది. పిల్లకు తల తిరిగి వాంతి చేసుకుంది. పళ్ల డాక్టరు దగ్గరికి తప్ప అన్ని దారులూ తొక్కారు. పన్నుకు డాక్టరేంది, ఊగితే ఊడుతుంది, నొస్తే మానుతుంది అని మా దగ్గర లెక్క.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో స్వీటీని ముందు కూర్చోబెట్టాం. ఆనందరావు పాస్టరుగారు దవడకు నూనె రాసి ప్రార్థన చేశారు. నేనూ చేశాను, మనసారా చేశాను, ఇప్పటికీ దానికి సిగ్గుపడను. ఆదివారం పొద్దున్నే కాశమ్మ పరుగున వచ్చింది, నొప్పి లేదట. చల్లనీళ్లు పోసినా లేదు, కొరికినా లేదు, నిన్నటిదాకా గిలగిల్లాడించిన పన్ను గప్‌చుప్ అయిపోయింది.

మా చర్చిలో మేలు పొందినవాళ్లు సాక్ష్యం చెప్పాలి. అంటే నలుగురి ముందు లేచి నిలబడి, దేవుడు నాకు ఈ మేలు చేశాడు అని నోటితో ఒప్పుకోవాలి. ఉద్యోగం వచ్చినవాళ్లు చెబుతారు, జ్వరం తగ్గినవాళ్లు చెబుతారు. ఆ ఆదివారం పాస్టరుగారు స్వీటీని పిలిచారు. అది మైకు పట్టుకుని నేల చూస్తూ, "నాకు పన్ను నొస్తుండె. అందరు ప్రార్థన చేసిన్రు. ఇప్పుడు నొస్తలేదు. దేవునికి స్తోత్రం" అంది. చప్పట్లు మారుమోగాయి. కాశమ్మ లడ్డూలు పంచింది. పిల్ల అందరికీ కనబడేట్టు కుడి పక్కనే నమిలి చూపించింది. పాట కాకుండా మాట కోసం దానికి చప్పట్లు పడటం అదే మొదలు.

ఆ తర్వాత వానాకాలం గడిచింది, బోనాలు అయిపోయాయి, దసరా వచ్చి వెళ్లింది. నవంబరులో క్రిస్మస్ పాటల సాధన పెట్టాను. స్వీటీ వచ్చి బెంచీ చివర కూర్చుంది. పక్కనున్న పిల్లలు ఒక్కొక్కరే ఇటు జరిగిపోతున్నారు. చున్నీ గడ్డం చుట్టూ చుట్టుకుని ఉంది. పాట ఎత్తుకుంటే గొంతు ఉంది గాని నోరు తెరుచుకోవడం లేదు, తలుపు సందులోంచి పాడుతున్నట్టుంది.

"నోరు తెరువవే! ఎవరన్న దొంగిలిస్తరా నీ నోరు?" అని గద్దించాను.

మళ్లీ పాడింది. మళ్లీ అంతే. దగ్గరికి వెళ్లాను, అప్పుడు తెలిసింది వాసన. కుళ్లిన వాసన. మిగతా పిల్లలను ఇంటికి పంపేసి దాని చున్నీ లాగాను. కుడి దవడ కింద ఇంత ఎత్తున ఉబ్బి, చర్మం ఎర్రగా బిగిసిపోయి ఉంది.

"ఎప్పటి సంది ఇది?"

"దసరా సెలవుల సంది."

"నొస్తుందా?"

"నొస్తలేదు. చిగురుకు పొక్కు అయింది. పగిలితే ఉప్పగ వస్తది, ఉమ్మేస్తున్న. వాపు మొన్ననే ఎక్కువైంది."

"మీ అమ్మకు చెప్పినవా?"

తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు చెప్పలేదే నా తల్లీ? నోరు పెట్టిందెందుకు దేవుడు?"

"నేను సాక్ష్యం చెప్పిన కద టీచరమ్మా. అందరు చప్పట్లు కొట్టిన్రు. అమ్మ లడ్డూలు పంచింది. ఇప్పుడు మల్ల అయిందంటే నేను అబద్ధం చెప్పినట్టయితది. దేవుడు చెయ్యలేదన్నట్టయితది."

గొంతులో వణుకు లేదు, కళ్లలో తడి లేదు. ఏ బస్సు ఎక్కాలో చెప్పినట్టు చెప్పింది. నాకు కోపం రావాలి, రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు. పదిహేనేళ్ల పిల్ల దేవుడి పరువు కోసం చీము దాచుకుంటోంది.

దాని చెయ్యి పట్టుకుని చర్చి పక్కనే ఉన్న పాస్టరుగారి ఇంటికి లాక్కుపోయాను. ఆయన అంతా విన్నారు. నోట్లో వేళ్లు పెట్టి పైవరస పళ్లు మొత్తం ఊడదీసి అరచేతిలో పెట్టుకుని దాని ముందు చాపారు. ఆయనవి కట్టుడు పళ్లని నాకే తెలియదు.

"చూసినవా బిడ్డా? ఇవి డాక్టరు చేసిచ్చినయి. ప్రార్థన చెయ్యకనా నేను? రోజూ చేస్త. పండ్లు పోయినయ్, డాక్టరు దగ్గరికి పోయిన." బోసినోటితో మాటలు జారిపోతుంటే పళ్లు మళ్లీ పెట్టుకున్నారు. "నిన్ను తొందరపెట్టి మైకు ముంగట నిలబెట్టింది నేను. అబద్ధమైతే నాది, నీది గాదు. దేవుడు నీ నోటి మీద ఆధారపడి లేడు. రేపే దవాఖానకు పోవాలె."

"సరే" అంది స్వీటీ. ఊరట పడినట్టు కూడా కనబడలేదు.

మర్నాడు కాశమ్మ పని దిగి వచ్చాక చెప్పాను. చీపురు గోడకు ఆనించి విన్నది. కూతురి దవడ ఒకసారి తడిమి చూసింది. నాలాంటిదైతే గుండెలు బాదుకుని గల్లీ మొత్తం పోగు చేసేది. కాశమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "పోదం పాండ్రి" అంది, అంతే. ఏళ్ల తరబడి తెల్లారకముందే లేచి ఊరి చెత్త ఎత్తేవాళ్లకు కొత్త బాధ దిగడానికి లోపల చోటు ఉండదేమో.

అలియాబాద్ దగ్గర ఒక మెట్ల మేడ మీద డాక్టర్ అభిజ్ఞ క్లినిక్ ఉంది. చిన్న వయసు అమ్మాయి, మాట మెత్తన. స్వీటీ నోరు రెండు వేళ్లు పట్టేంతకన్నా ఎక్కువ తెరుచుకోలేదు. ఎలాగో చూసి, ఎక్స్‌రే తీసి, మమ్మల్ని కూర్చోబెట్టింది.

"నొప్పి పోయింది గదా డాక్టరమ్మా, మంచిగైందనుకున్నం" అంది కాశమ్మ.

"అందరూ అట్లనే అనుకుంటారమ్మా. పన్ను లోపల నరం ఉంటది. పుచ్చు దాని దాకా పోయినప్పుడు పాణం పోయేంత నొస్తది. తర్వాత ఆ నరమే చచ్చిపోతది. చచ్చినదానికి నొప్పి ఏముంటది? అది మానుడు కాదు, పన్ను చచ్చిపోవుడు. చీము మాత్రం కింద ఎముకలో పెరుగుతనే ఉంది. ఇంకా ఊకుంటే ఈ వాపు మెడలకు దిగి ఊపిరి ఆడకపోయేది."

కాశమ్మ తల ఊపింది.

డాక్టరు చీము తీసింది, మందులు రాసింది. ఆ దవడపన్ను ఇక దక్కదని తేల్చి చెప్పింది, పైన మిగిలింది ఉత్త పెంకే. దాని వెనక పన్నుకు కూడా లోతుగా నలుపు పట్టింది. "అది ఎక్స్‌రేలో అటూ ఇటూ కాకుండా ఉంది. నరం బతికి ఉంటే పుచ్చు తీసేసి నింపేస్తా, ముసలయ్యేదాకా ఉంటది. చచ్చి ఉంటే మాత్రం దక్కుతుందో లేదో చెప్పలేను. వాపు తగ్గినంక చూద్దాం" అంది.

మేం పోయేముందు స్వీటీ చేతిలో మెత్తటి కుచ్చుల బ్రష్షు పెట్టి, ప్లాస్టిక్ దవడ మీద తోమి చూపించింది. చిగురు దగ్గర నుంచి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు, వెనక పళ్లు మర్చిపోకుండా, తొందర లేకుండా. పొద్దున తోమినా తోమకపోయినా రాత్రి పడుకునేముందు తప్పదంది. బిస్కట్లు తింటే అన్నంతో పాటే తినేయి, గంటగంటకూ కొరకకు అంది. కాశమ్మ పళ్లు చూసి, "మీ నల్లపొడి కూడా బంద్ చెయ్యండి" అంది.

"అది లేకుంటే నాకు రోడ్డు మీదికి పోబుద్ది గాదమ్మా" అంది కాశమ్మ నిజాయితీగా.

వారానికి వాపు దిగింది. మళ్లీ వెళ్లాం. ఈసారి ఆగయ్య కూడా వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, గోదాము నుంచి యూనిఫారంతోనే తిన్నగా వచ్చాడు. క్లినిక్ బయట బెంచీ మీద కూర్చున్నాడో లేదో గురక మొదలైంది. మేం ముగ్గురం లోపలికి వెళ్లాం.

డాక్టరు దూదిని ఒక చల్లటి మందుతో తడిపింది. పొగ వచ్చేంత చల్లన. "ఇది పన్ను మీద పెడతా. బతికున్న పన్నయితే జివ్వుమంటది. అనిపించగానే చెయ్యి లేపు. ముందు ఎడమ దిక్కు బాగున్న పన్ను మీద పెడుతున్నా" అని పెట్టింది.

స్వీటీ చెయ్యి లేవలేదు.

ఇంకో పన్ను మీద పెట్టింది. లేవలేదు.

"ఏమన్న తెలిసిందా?"

"ఏం లేదు."

డాక్టరు నొసలు ముడిచింది. "ఇవి మంచి పళ్లు. వీటికి తెలియాలి."

"అబద్ధం!" అని అరిచాను నేను. "దాని కాలివేళ్లు చూడున్రి డాక్టరమ్మా, కొంకర్లు పోతున్నయ్. మస్తు జివ్వుమంటుంది దానికి!"

"మీరు చెప్తే సరిపోదు ఆంటీ. వెనక పన్ను సంగతి తను చెప్తేనే నాకు తెలుస్తది. బాగున్నదానికీ ఏం లేదంటే, పుచ్చినదానికీ ఏం లేదంటే నేను ఏది నమ్మాలి? గుడ్డిగా చేస్తే బతికున్న పన్నును నా చేత్తో చంపినదాన్నవుతా."

కాశమ్మ ముందుకు వచ్చింది. అలవాటు చొప్పున, "నా బిడ్డ చిన్నప్పటి సంది గంతే డాక్టరమ్మా, మస్తు ఓర్సుకుంటది" అంది.

"ఇంత ఓర్చుకోవడం ఎవరు నేర్పారమ్మా?" అంది డాక్టరు. తిట్టినట్టు కాదు, ఊరికే అడిగినట్టు.

కాశమ్మ కుర్చీలో పడుకున్న పిల్లను చూసింది.

"నేనే నేర్పిన. ఆయన రాత్రంత డ్యూటీ చేసొచ్చి పగలు పంటడు. నేను తెల్లారంగ పోవాలని పొద్దుగూకంగనే పంట. ఇంట్ల ఉన్నది ఒక్క అర్ర. ఎప్పుడు చూసిన ఒకరం నిద్రలనే ఉంటం. ఇది ఏడిస్తె మా ఇద్దర్ల ఎవరికో ఒకరికి నిద్ర ఖరాబ్. నోరు ముయ్యే, నాయిన పన్నడు. నోరు ముయ్యే, అమ్మకు పొద్దున డ్యూటీ ఉన్నది. పాలు తాగే పొద్దు నుంచి గదే చెప్పిన. దీని నోటి మీద ఎన్నిసార్లు చెయ్యి అడ్డం పెట్టిన్నో."

గోరు ఊడినప్పుడు ఈ పిల్లను నేనెన్ని మాటలన్నానో గాని, దాని ఇంట్లో ఏడుపుకు జాగా లేదని నాకు తట్టనే లేదు.

కాశమ్మ గిర్రున తిరిగి బయటికి వెళ్లింది. బెంచీ మీద గురక ఆగిపోయింది. "లే! ఇగ చాలు పన్నది, లే!" అన్న మాట లోపలికి వినబడింది. కాశమ్మ గొంతు అంత పెద్దదని నాకు ఆరోజే తెలిసింది. ఆగయ్య కళ్లు నులుముకుంటూ, ఏమైందో తెలియక, టోపీ చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు. అతన్ని తెచ్చి కూతురి తల దగ్గర నిలబెట్టింది.

"నాయిన లేసిండు. చూడు. నేను లేసే ఉన్న. ఎవ్వరు పన్నలేరు బిడ్డా. నొస్తె ఒర్రు. ఇల్లెగిరిపోయేటట్టు ఒర్రు."

స్వీటీ తండ్రిని చూసింది, తల్లిని చూసింది. డాక్టరు కొత్త దూది తడిపింది. "ఇప్పుడు వెనక పన్ను" అని మెల్లగా చెప్పి పెట్టింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. కాశమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో ఏమిటో. చచ్చిందన్నమాట అది కూడా, అనుకున్నాను.

"అమ్మా!"

అది అరుపు కాదు, కేక. పాటలో కూడా అంత పైకి వెళ్లలేదు ఎప్పుడూ. బయట కూర్చున్నవాళ్లు తలుపు తోసుకుని చూశారు. స్వీటీ డాక్టరు చేతిని నెట్టేసి, చెంప పట్టుకుని లేచి కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "నొస్తుంది! నొస్తుందమ్మా! మస్తు నొస్తుంది!"

"బతికే ఉంది" అంది డాక్టరు. ఆ డాక్టరమ్మ ముఖం కూడా వెలిగిపోయింది. "పన్ను బతికే ఉంది, నింపేద్దాం."

ఆగయ్యకు ఏం అర్థమైందో గాని టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాశమ్మ కుర్చీ పక్కనే నేల మీద కూలబడింది. నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ ఒకేసారి. ఆమె ఏడవగా చూడటం నాకది మొదటిసారి. కూతురి పాదం పట్టుకుని ఊపుతూ, "ఇంకోపారి పెట్టు డాక్టరమ్మా, నీ కాల్మొక్త, ఇంకొక్కపారి దాని గొంతు ఇంట" అని బతిమాలింది.

స్వీటీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తల్లి వైపు కోపంగా చూసింది.

"వద్దు" అంది. "నొస్తది."